గురువమ్మ గడప ముందు హారను

రాబర్ట్‌సన్‌పేటలో బూదికోట బస్సు ఎక్కేవాళ్లు గురువమ్మ పొంగణాలు తినకుండా ఎక్కరు. ఆమె తిట్లు తినకుండా ఆ బస్సు కదలదు. పొంగణాల్లో కారం ఒక పాలైతే తిట్లలో నాలుగు పాళ్లు. వయసు డెబ్బైకి దగ్గర పడింది, పై పళ్లు రెండు ఊడాయి, అయినా మాట ఆ సందులోంచి ఎప్పుడూ జారిపోలేదు. ఎవరికి తగలాలో వాళ్లకే వెళ్లి తగులుతుంది.

ఇల్లు చిన్నది. రోడ్డు మీదికి ఒక అరుగు, అరుగు మీద పొయ్యి, పొయ్యి మీద గుంతల పెనం. అరుగు వెనక ఒక గది, దాని వెనక ఇంకో గది. ఆ వెనక గదిలో నులక మంచం మీద ఆమె మొగుడు మారప్ప. ముప్ఫై ఏళ్లు బంగారు గనిలో రాయి తొలిచాడు. గని మూతపడ్డాక ఆ రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో కూర్చుని ఆయన్ను తొలవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాలుగు మాటలంటే ఆయాసం. ఎవరినైనా పిలిస్తే ఆ పిలుపు మంచం కూడా దిగదు.

అందుకని కిటికీ ఊచకు మూరెడు డ్రిల్లు రాడ్డు ముక్కను తాడుతో వేలాడదీసుకున్నాడు. కొట్టడానికి చేతికందేలా ఒక స్పానరు. గనిలో పనిచేసినవాడికి పిలవడమంటే గంట కొట్టడమే. అక్కడ మనుషులను కిందికి దించే కేజ్ గంటల మాటే వినేది. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే లోపల మనుషులున్నారు, జాగ్రత్త. ఆ లెక్కనే మారప్ప ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకటి కొడితే నీళ్లు. రెండు కొడితే లేపి కూర్చోబెట్టు. మూడు కొడితే ఊపిరాడటం లేదు, పీల్చే మందు పట్టుకుని పరిగెత్తుకురా. కొట్టిన గంటకు జవాబు రాకపోవడమన్నది గనిలో లేదు. ఇంట్లోనూ చాలా ఏళ్లు లేదు.

ఆ తర్వాత గడప ముందుకు వచ్చింది పసుపు రంగు బూదికోట బస్సు.

అంతకు ముందు అది సందు చివర ఆగేది. పక్కింటి నాగేంద్రప్పది బియ్యం, పప్పుల అంగడి. బస్సు కోసం నిలబడ్డవాడు ఊరికే నిలబడడు, అర కిలో కందిపప్పయినా కొంటాడన్న ఆలోచన ఆయనకు నాలుగేళ్ల కిందట వచ్చింది. అంగడి ముందు రేకుల పంచ వేయించి, జనానికి నీడ అని పేరు పెట్టి, బస్సు యజమానిని మంచి చేసుకుని స్టాపును తన దగ్గరికి లాక్కున్నాడు. అయితే బస్సు పొడుగు కదా. తలుపు అంగడి ముందుంటే మూతి వచ్చి గురువమ్మ గడప ముందు ఆగుతుంది. బేరం ఆయనకు, హారను ఈమెకు.

అది మామూలు హారను కాదు. డ్రైవరు శశి పనిగట్టుకుని బిగించుకున్నది. ఏడు రాగాలు పలుకుతుందని అతని గొప్ప. గురువమ్మ చెవికి మాత్రం ఆంబోతుకు జలుబు చేసి ఏడుసార్లు తుమ్మినట్టుండేది. జనం రావాలని మోగిస్తాడు. వెనక ఇంకో బస్సు వస్తే దాన్ని దాటనీయకుండా మోగిస్తాడు. ఆటో అడ్డమైతే మోగిస్తాడు. ఏదీ అడ్డం లేకపోతే, రోడ్డు ఖాళీగా ఉందే అని సంతోషం పట్టలేక మోగిస్తాడు. ఎండాకాలంలో దానికి తోడు శ్రీనివాసపురం నుంచి మామిడికాయల లారీలు. అవి వస్తుంటే పెనం గుంతల్లో నూనె వణికేది. దాంతో పాటు గురువమ్మ గుండె కూడా.

"ఏమిరా శశీ, నీ బండికి కడుపునొప్పా? ఈనలేక ఎనుము అరిసినట్ల అరస్తా ఉండాది!"

"హారను కొట్టకపోతే జనం ఎట్ల వస్తారవ్వా?"

"జనానికి కండ్లు లేవా? ఇంత పసుపు పూసుకొని పెండ్లికూతురు మాదిరి నిలబడి ఉండాది, కనపడదా?"

బస్సులో కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. శశికి ఒళ్లు మండింది. కావాలనే ఇంకోసారి నొక్కాడు, ఏడు రాగాలూ అయ్యేదాకా.

"కొట్టు, ఇంగా కొట్టు. మీ నాయన మైన్సులో గంట విని బతికినాడు. నువ్వు నా ఇంటి గంటను మింగి బతకతా ఉండావు. నా మొగుడు లోపల కొడితే నాకు వినపడేది ఎట్లరా?"

నాగేంద్రప్ప కాటా ముందు నుంచి లేవకుండానే కల్పించుకున్నాడు. ఆయనెప్పుడూ అంతే, తూకం వేస్తూనే తగాదా పడతాడు.

"గురువక్కా, ఒక మాట అడగతా, కోపం చేసుకోవద్దు. ఇన్నేండ్లు మైన్సు లైన్లో, ఆ కూలీల ఇండ్లల్లో బతికినావు. పూటకొక సైరను. లోపల రాయి పేలితే ఇండ్లల్లో చట్లు కింద పడేవి. మిల్లు అయితే రాత్రీ లేదు పగలూ లేదు, రుబ్బేదే రుబ్బేది. అప్పుడు ఒక్కనాడన్నా బేజారు చేసుకున్నావా? ఇప్పుడు ఇంత హారనుకు ఇంత గలాటానా?"

"ఆ సద్దు మాకు కూడు పెట్టింది నాగేంద్రప్పా. ఈ సద్దు నీకు పెడతాది. నాకేం పెడతాది?"

"యాడయినా సద్దు సద్దే కదక్కా."

"కాదు. మిల్లు తిరగతా ఉంటే నా బిడ్డలు నిద్రపోయినారు. మిల్లు నిలిచిపోయిన దినం లైనంతా లేచి కూర్చునింది, ఏమి ఆగిపోయిందో అని. నీ బస్సు నిలిచిపోతే ఎవరు లేస్తారు? నీ కందిపప్పులో పురుగులు కూడా లేవవు!"

"నా పప్పులో పురుగులా? నోరు మంచిగా పెట్టుకో!"

"మీతో మాట్లాడేది చెవిటోని ముందర శంఖం ఊదినట్లే." అని గురువమ్మ పిండి గరిటెతో పెనం అంచు మీద టంగుమని ఒకటి కొట్టి అటు తిరిగి కూర్చుంది.

మిల్లును ఎవరైనా ఒక మాట అంటే ఆమె ఓర్చుకోలేదు. బంగారు రాయిని పిండి చేసే ఆ షెడ్డులో, ఇనుప గుండ్లు నింపిన పెద్ద పెద్ద డ్రమ్ములు తిరిగే చోట, పదహారేళ్లు నేల ఊడ్చింది. అక్కడ పక్క మనిషితో మాట్లాడాలంటే చేతులతోనే. పని దిగి బయటికి వచ్చాక కూడా చెవుల్లో తుమ్మెద తిరుగుతూనే ఉండేది. ఇల్లు చేరి అన్నం తిన్నా పోయేది కాదు. దాన్ని ఆమె ఏనాడూ తిట్టలేదు. ఆ తుమ్మెద ఉందంటే రేపు కూడా పని ఉందన్నమాట.

ఆ ఏడాది మామిడి లారీల కాలంలో ఒక పొద్దున, అరుగు ముందు జనం, పెనం నిండా పొంగణాలు, రోడ్డు మీద పసుపు బస్సుకూ ఒక లారీకీ మూతులు తగులుకుని నువ్వు వెనక్కి పో అంటే నువ్వు వెనక్కి పో అని ఒకటే మోత. గురువమ్మ పొయ్యి దగ్గర నుంచే ఇద్దరి వంశాలనూ కడిగి ఆరేస్తోంది. అప్పుడు నాగేంద్రప్ప పెళ్లాం అంబుజమ్మ చేతిలో చాటతోనే పరిగెత్తుకుని వచ్చి ఆమె భుజం పట్టి లాగింది.

"అక్కా, లోపలికి పో! మీ ఆయన అప్పటినుంచి కొడతానే ఉండాడు!"

వెనక గదిలో మారప్ప మంచం కింద పడి ఉన్నాడు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పీల్చే మందు డబ్బా గోడ వారకు దొర్లిపోయింది, దాని కోసమే వంగి పడ్డాడు. స్పానరు చేతిలోనే ఉంది. గురువమ్మ ఆయన్ను ఒళ్లోకి లాక్కుని డబ్బా నోట్లో పెట్టి నొక్కింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఎదలో గురగుర మొదలైంది.

"నేను గోడ అవతల బియ్యం చెరగతా ఉండా. నాకే వినపడె. నీకు వినపడలేదా అక్కా?" అంది అంబుజమ్మ. మంచి మనసుతోనే అంది.

"నీకు వినపడతాది తల్లీ. నీ ఇంట్లో సద్దు యాడుండాది? ఉండే సద్దంతా నా గడప ముందరికి తోసినారు కదా మొగుడూ పెండ్లామూ కలిసి!"

అంబుజమ్మ చాట తీసుకుని వెళ్లిపోయింది. మారప్ప చాలాసేపటికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కో మాటనూ బావిలోంచి తోడినట్టు పైకి తెచ్చాడు.

"మూడు... కొట్టినా. మళ్లీ మూడు. మళ్లీ. జవాబు... లేదు."

అంతే అన్నాడు. తిట్టలేదు. భూమి అడుగున చీకట్లో నిలబడి గంట కొట్టినవాడు, పైన ఎవరూ లేరని తెలిస్తే ఎలా చూస్తాడో అలా చూశాడు. ఆ చూపు గురువమ్మకు పొయ్యిలో చెయ్యి పెట్టినట్టయింది. ఇంకోసారి ఇలా అయితే ఆయన ఉండడు. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే కొంగు బిగించి మైన్సు లైనుకు నడిచింది. శశి వాళ్ల నాయన మునివెంకటప్ప ఇంటికి. కేజ్‌ను పైకీ కిందికీ నడిపే పెద్ద ఇంజనుకు ఆయన డ్రైవరు. ఇరవై రెండేళ్లు మారప్పను భూమిలోకి దించినవాడూ, పైకి తీసినవాడూ ఆయనే. డ్యూటీలో ఉంటే పక్కన పిడుగు పడినా తల తిప్పేవాడు కాదట, గంట ఎక్కడ తప్పిపోతుందో అని. ఒక్క గంట తప్పలేదని ఇప్పటికీ మీసం మీద చెయ్యేసుకుని చెప్పుకుంటాడు.

ఆయన గడపలోనే నిలబడి గురువమ్మ మొదలుపెట్టింది.

"మునెంకటన్నా, నీ చెవిని నమ్ముకొని నా మొగుడు పాతాళానికి దిగినాడు. దినామూ నువ్వు పైకి తెచ్చినావు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద నుంచి కొడితే ఆ గంట నాకు రాలేదు. నీ కొడుకు దాని మీద బాకా పెట్టి ఊదతా ఉండాడు. ఈ పొద్దు అంబుజమ్మ రాకపోయింటే రేపు నువ్వే పాడె మోయాల."

"లోపలికి రా చెల్లీ, కూర్చో."

"కూర్చునేదానికి రాలా."

మునివెంకటప్ప ముఖం మాడిపోయింది. "గంట తప్పిందా? మూడు కొడితేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన లోకంలో అంతకు మించిన పాపం లేదు.

మర్నాడు పొద్దున పసుపు బస్సు గురువమ్మ గడప ముందు మూతి పెట్టేసరికి మునివెంకటప్ప పాత డ్యూటీ ఖాకీ చొక్కా వేసుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తాడు.

"ఆపు. ఇంజను కూడా ఆపు."

"నాయనా, ఏమిది? జనం చూస్తా ఉండారు."

"చూడనీ. లోపల ఒక మనిషి గంట కొడతాడు. ఆయమ్మకు అది వినపడాల. అంతవరకూ ఎవడూ హారను ముట్టేదానికి లేదు."

"ఇది బస్సు నాయనా, కేజ్ కాదు!"

"లోపల మనుషులుండారా లేదా? మనుషులుంటే ఏదయినా కేజే. ఆపరా అంటే!"

శశి పళ్లు కొరుకుతూ ఆపాడు. వెనక ఆటోలు, దాని వెనక లారీ. వాటిల్లో సగం మంది మైన్సువాళ్ల పిల్లలే. ఖాకీ చొక్కాను చూసి ఒకడి తర్వాత ఒకడు ఆపేశారు. రోడ్డు మీద ఇంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. నాగేంద్రప్ప కాటా వదిలి లేచి వచ్చాడు. గురువమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇప్పుడు చూడండిరా అన్నట్టు అందరినీ ఒకసారి కలియజూసింది.

మునివెంకటప్ప కిటికీ వైపు తిరిగి కేకేశాడు. "మారప్పా! మూడు కొట్టు!"

బస్సు కిటికీల్లో తలలన్నీ ఒకేసారి ఇంటివైపు తిరిగాయి. తిరిగి, గురువమ్మ వైపు చూశాయి.

గురువమ్మ ఇంకా ఎదురుచూస్తోంది. "ఏం చేస్తా ఉండాడు లోపల? నిద్రపోయినాడా? కొట్టమనన్నా!"

మునివెంకటప్ప ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. "ఇంగోసారి కొట్టు మారప్పా." అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

మళ్లీ తలలు తిరిగాయి. అంబుజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగును చూశాక గురువమ్మకు అర్థమైంది.

నాగేంద్రప్ప కిసుక్కున నవ్వాడు. "చెవిటోని ముందర శంఖం అని ఎవరో అంటా ఉండిరి. ఎవరబ్బా అది?"

గురువమ్మ ఆయన వైపు తిరగలేదు. "శశీ, హారను కొట్టరా."

"అవ్వా..."

"కొట్టు అంటా ఉండా!"

ఏడు రాగాలూ మోగాయి. ఆమె మొహం చిట్లించింది. "ఇదిగో, ఇది వినపడతాది. మీరందరూ మాట్లాడేది వినపడతాది. అది ఒక్కటే ఎట్ల వినపడదు? అందరూ కలిసి నాటకం ఆడతా ఉండారా?"

మునివెంకటప్ప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నాటకం కాదు చెల్లీ. లావు సద్దు వినపడతాది, సన్న సద్దు పోతాది. మిల్లులో పనిచేసినోళ్లకు ఇదే కత. మా లైన్లోనే ఐదారుమంది ఉండారు. వీడి హారను వచ్చి నాలుగేండ్లు. గుండ్లు తిరిగే చోట నువ్వు పదహారేండ్లు ఉన్నింటివి."

"మిల్లును ఒక్క మాట అన్నావంటే నాలుక కోస్తా! అది నా బిడ్డలకు అన్నం పెట్టింది!"

"పెట్టింది. చెవులు తిన్నింది కూడా."

గురువమ్మ పెనం వైపు చూసింది. పొంగణాలు కాలుతున్నాయి. పిండి పోస్తే చుయ్యిమనే ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. రెండేళ్ల నుంచి వాసన చూసి తిప్పుతోంది. కుక్కరు కూతను ఆవిరి చూసి లెక్కపెడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసినదాన్ని తీసుకెళ్లి బస్సు నెత్తిన పెట్టింది, అది అక్కడ బాగా సరిపోయింది కాబట్టి.

శశికి ధైర్యం వచ్చింది. "విన్నావు కదా నాయనా, నా హారను తప్పేమీ లేదు. ఇంగ జరుగు, పోవాల."

"ఈ గంట దొంగతనం నీది కాదని తేలింది. అంతమాత్రాన దొరవు అయిపోలేదు. పో." అన్నాడు మునివెంకటప్ప.

బస్సు వెళ్లిపోయింది. ఆయన మాత్రం కదల్లేదు. ఇంట్లోకి వెళ్లి మారప్ప మంచం పక్క కూర్చుని గోడలనూ తలుపులనూ కళ్లతో కొలిచాడు. తర్వాత నాగేంద్రప్ప అంగడికి వెళ్లి గోనెసంచులు కట్టే నైలాను తాడు ఒక చుట్ట అడిగి తెచ్చాడు.

"మొదట్లో షాఫ్టులో, ఆ గని బావిలో, కరెంటు గంటలు యాడివి? కింద తాడు లాగితే పైన తెలిసేది. మా నాయన కాలం పని. చెవి లేకపోయినా చెయ్యి ఉండాది కదా."

తలుపు చట్రాలకు రెండు ఖాళీ దారపు కండెలను కప్పీల్లా బిగించి, వాటి మీదుగా తాడు నడిపించి, ఒక కొన మారప్ప చేతికిచ్చాడు. రెండో కొనను గురువమ్మ ఎడమ మణికట్టుకు కట్టాడు.

"ఎద్దును కట్టేసినట్ల కట్టేసినావే అన్నా."

"ఎద్దు పొడస్తే పొడస్తాది, నీ అంత అరవదు." అని వెనక గదికి కేకేశాడు. "మారప్పా, లాగు!"

మణికట్టు మీద ఒకసారి సన్నగా గుంజినట్టయింది. గురువమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని లోపలికి వెళ్లింది. మారప్ప ఆ చెంబును, దాన్ని పట్టుకున్న చేతిని, చేతికున్న తాడును చూశాడు. నీళ్లు తాగలేదు. తాడును ఇంకోసారి లాగాడు, ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే. చెయ్యి కదిలిందా లేదా అని చూసుకున్నాడు.

"చాల్లే, ఆట." అంది గురువమ్మ. కానీ తాడు విప్పలేదు.

ఇప్పుడు ఆమె అరుగు మీద ఉన్నంతసేపూ ఆ తాడు చేతికే. కొళాయి దగ్గరికి పోవాలంటే అంబుజమ్మను పిలిచి, "పట్టుకో. సన్న సద్దులు బాగా వినపడతాయి కదా నీకు, ఇది కూడా విను," అని కొనను ఆమె చేతికి చుట్టి వెళుతుంది. అంబుజమ్మ గొణుక్కుంటూనే పట్టుకుంటుంది.

పసుపు బస్సు మాత్రం మారలేదు. ఒక వారం ఊరికే ఉంది. తర్వాత, ముసలమ్మకు చెవులే సరిగా లేవట, ఇంక మనం నోరు మూసుకోవడం దేనికని శశి నొక్కేశాడు. నాగేంద్రప్ప కూడా, "ఇంగ నీకేం కష్టమక్కా, తాడు ఉండాది కదా," అన్నాడు.

"తాడు నా మొగునికి. నా నోరు మీకు." అంది గురువమ్మ.

మొన్నటికి మొన్న పొద్దున అదే బస్సు, అదే మూతి, అదే ఏడు రాగాలు. గురువమ్మ లేచి నిలబడి గరిటె ఎత్తి అందుకుంది.

"ఓరి శశీ, నీ హారనులో పేను పడ, నీ టైర్లు బూదికోట దారిలో ఒకటొకటే ఊడి..."

ఎడమ చెయ్యి గుంజింది. ఒకటి. రెండు. మూడు.

నోట్లో మాట నోట్లోనే ఉంది, గరిటె కింద పడింది, మనిషి లోపల ఉంది. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తూ ఉన్నారు. శశి నొక్కుతున్న హారను మీద నుంచి చెయ్యి తీశాడు, ఎందుకో అతనికీ తెలియదు. లోపల డబ్బా రెండుసార్లు నొక్కిన చప్పుడు, ఆ తర్వాత మారప్ప ఎద గురగురలాడటం రోడ్డు దాకా వినిపించాయి, గురువమ్మకు తప్ప అందరికీ.

కాసేపటికి ఆమె అరుగు మీదికి వచ్చింది. కొంగుతో మెడ తుడుచుకుంది. గరిటె తీసుకుని దుమ్ము ఊదింది. బస్సు ఇంకా అక్కడే ఉంది.

"...ఊడి, చెరువులోకి దొర్లిపోనూ!" అంది.